నూర్ ఆయతుకు ఇన్ని అర్థాలా? తత్వవేత్తలు, సూఫీలు చెప్పింది తఫ్సీరేనా (ఖుర్ఆన్ వ్యాఖ్యానమేనా)?

ప్రశ్న: పెన్నాగట్టు

అందరికీ సలాం, నమస్కారం. మాది నెల్లూరు. ఇక్కడ చెన్నైలో ఎం.ఏ. ఫిలాసఫీ చదువుతున్నాను. ఈ సెమిస్టర్‌లో ఇబ్న్ సీనా మీద పేపర్ రాయాలి. ఆయన వైద్యం, తర్కం గురించి కొంత తెలుసు గానీ, ఖుర్ఆన్ ఆయతుకు (వాక్యానికి) అర్థం చెప్పాడని తెలియదు. ఆయన 'ఇషారాత్' చదువుతుంటే మధ్యలో అది తగిలింది. అప్పటి నుంచి పేపర్ ముందుకు కదలడం లేదు.

ఖుర్ఆన్‌లో నూర్ అనే సూరా (అధ్యాయం), అందులో 35వ ఆయతు. మా ఇంట్లో చిన్నపిల్లలకు కూడా నోటికి వస్తుంది. తెలుగులో నా మాటల్లో చెప్తాను. అల్లాహ్ ఆకాశాలకూ భూమికీ వెలుగు. ఆ వెలుగుకు పోలిక చెప్పాలంటే, గోడలో ఒక గూడు, గూట్లో దీపం, దీపం చుట్టూ గాజు. ఆ గాజు మిలమిలలాడే నక్షత్రంలా ఉంటుంది. తూర్పుదీ పడమరదీ కాని ఒక శుభప్రదమైన జైతూను (ఆలివ్) చెట్టు నూనెతో ఆ దీపం వెలుగుతుంది. నిప్పు తగలకముందే ఆ నూనె వెలిగిపోతుందా అన్నట్టుంటుంది. వెలుగు మీద వెలుగు.

ఇబ్న్ సీనా (980–1037) దీన్ని మనిషి బుద్ధి గురించి చెప్పినట్టు చదివాడు. గూడు అంటే ఇంకా ఏమీ నేర్వని, నేర్చుకునే శక్తి మాత్రమే ఉన్న బుద్ధి. గాజు అంటే మొదటి సూత్రాలు పట్టుబడి పై మెట్టుకు సిద్ధమైన బుద్ధి. చెట్టు అంటే ఆలోచన. నూనె అంటే ఆలోచనతో పనిలేకుండా తటాలున తట్టే స్ఫురణ. దీపం అంటే నేర్చినదాన్ని కావలసినప్పుడల్లా ముందుకు తెచ్చుకోగల బుద్ధి. నిప్పు మాత్రం మనిషి లోపలిది కాదు. పైనుంచి మనిషి బుద్ధిని వెలిగించే 'క్రియాశీల బుద్ధి' అది. అరిస్టాటిల్ దగ్గర మొదలై తత్వవేత్త ఫారాబీ మీదుగా వచ్చిన సిద్ధాంతం మొత్తం ఒక్క ఆయతులో అమరిపోయింది.

తర్వాత గజాలీ (1058–1111) రాసిన 'మిష్కాతుల్ అన్వార్' తీశాను. ఆయన కూడా ఇదే ఆయతును తీసుకుని అయిదు శక్తులుగా విడదీశాడు. గూడు ఇంద్రియ జ్ఞానం, గాజు ఊహాశక్తి, దీపం బుద్ధి, చెట్టు ఒక ఆలోచన నుంచి ఇంకో ఆలోచనకు కొమ్మలు వేసే తర్కం, నూనె ప్రవక్తలకూ కొందరు ఔలియాలకూ (పుణ్యపురుషులకూ) దక్కే పవిత్ర శక్తి. 1095లో 'తహాఫుత్' రాసి ఇబ్న్ సీనా లాంటి వాళ్లను 20 విషయాల్లో తప్పుపట్టింది ఈయనే. వాటిలో మూడింటిని కుఫ్ర్ (అవిశ్వాసం) అనేశాడు కూడా. అలాంటాయన ఈ ఆయతు దగ్గరికి వచ్చేసరికి దాదాపు అదే పద్ధతి ఎందుకు పట్టుకున్నాడు?

ఫోన్లో మా దాదీకి ఇదంతా చదివి వినిపించాను. పూర్తిగా విని, "అల్లా దీపం అన్నాడు, దీపమే అనుకో. నీ చదువంతా తెచ్చి ఆ గూట్లో ఎందుకు కుక్కుతున్నావు?" అంది. దాదీ మాట తీసిపారేసేది కాదు. నాకూ అదే భయంగా ఉంది. వీళ్లు ఆయతు చదువుతున్నారా, ముందే మనసులో ఉన్నదాన్ని ఆయతులో పెట్టి మళ్లీ బయటికి తీస్తున్నారా? ఈ రెంటికీ తేడా కనిపెట్టేది ఎలా? దయచేసి తెలిసినవాళ్లు చెప్పండి. "ఎవరి నమ్మకం వాళ్లది" అని మాత్రం చెప్పకండి, దాంతో నాకు పని జరగదు.

జవాబు: మైలాపూరు_మాస్టారు

అమ్మాయీ, నేను తెలుగు పండితుణ్ణి, రిటైరయ్యాను. మీ గ్రంథాల గురించి చెప్పే అర్హత నాకు లేదు. రంజాన్ నెలలో మా వీధికి దగ్గర్లో ఉన్న సూఫీదార్ అనే సంస్థ వాళ్లు ట్రిప్లికేన్ వాలాజా మసీదుకు ఇఫ్తార్ వండి తీసుకెళ్తారు. వాళ్లతో పాటు వడ్డనకు వెళ్లే అలవాటు నాకుంది. ఆ పరిచయంతోనే రెండు మాటలు.

ఈ గొడవ మా ఇంట్లోదీ. కురుక్షేత్రమంటే శరీరం, కౌరవులంటే దుర్గుణాలు అని చెప్పే గీతా వ్యాఖ్యానాలు విని పెరిగినవాణ్ణి. వింటున్నంతసేపూ బాగుంటుంది. కానీ యుద్ధమే జరగలేదు, అదంతా లోపలి కథే అని వ్యాఖ్యాత అన్నాడంటే నాకు కాళ్ల కింద నేల కదిలినట్టుంటుంది. కాబట్టి నేను అడిగేది ఒక్కటే. మీ వాళ్లలో ఇలా అంతరార్థం చెప్పినవాళ్లు బాహ్యార్థాన్ని ఉంచారా, తీసేశారా? అది తెలిస్తే నాకు సగం తేలినట్టే.

జవాబు: జిల్దు_ట్రిప్లికేన్

మాస్టారు గారు సరైన చోట పట్టుకున్నారు. అమ్మా, నేను బైండింగ్ పనివాణ్ణి. మాది ఉదయగిరి. పని మా అబ్బా దగ్గర నేర్చుకున్నాను, అరబీ మా వీధిలో ఉండిన ఒక మౌల్వీ సాబ్ దగ్గర. మదరసాల నుంచీ పాత ఇళ్ల నుంచీ కుట్లు ఊడిపోయిన కితాబులు నా దగ్గరికి వస్తాయి. ఫారాలు విడదీసి, వరస చూసి మళ్లీ కుట్టాలి. వరస తప్పకూడదంటే చదవక తప్పదు. అలా చదివిందే నా చదువు.

ముందు దాదీ గారి మాట. దీపం దీపమే అనుకోమన్నారు. ఆ ఆయతు చివరిదాకా చదవండి. "అల్లాహ్ ప్రజల కోసం ఉపమానాలు ఇస్తాడు" అని అక్కడే ఉంది. ఇది ఉపమానం అని ఆయతే చెప్తోంది. కాబట్టి ఈ ఒక్క చోట మాత్రం గూడు దేనికి పోలిక, నూనె దేనికి పోలిక అని అడగడం బయటినుంచి తెచ్చిపెట్టిన ప్రశ్న కాదు.

ఖుర్ఆన్ వ్యాఖ్యాత తబరీని చూడండి. ఆయన 923లో పోయారు, అంటే ఇబ్న్ సీనా పుట్టకముందే. గ్రీకు తత్వంతో ఆయనకు పనిలేదు. ఎవరి నుంచి ఎవరు విన్నారో ఆ వరస మొత్తం చెప్పి, ఆ తర్వాతే మాట చెప్తారు. ఆ తబరీ తఫ్సీరులోనే సహాబీ (ప్రవక్త సహచరుడు) ఉబయ్ ఇబ్న్ కఅబ్ మాట ఉంది. గూడు మోమిన్ (విశ్వాసి) ఛాతీ, గాజు అతని గుండె, దీపం అందులో ఉన్న ఈమాన్ (విశ్వాసం), ఖుర్ఆన్. ప్రవక్త (స) దగ్గర కూర్చుని నేర్చుకున్న మనిషి దీపాన్ని గుండె లోపల చూశారు. ఇక లోపలికి చూడటమే తప్పని ఎవరంటారు? ఇబ్న్ సీనా చేసింది ఏమిటంటే, ఉబయ్ గారు గుండె అన్నచోట బుద్ధి మెట్లు పెట్టడం. ఆ మెట్లు ఒప్పుకోవాలా వద్దా అన్నది వేరే చర్చ. అది తత్వం మీద చర్చ అవుతుంది, తఫ్సీరు మీద కాదు.

గజాలీ అదే పద్ధతి ఎందుకు పట్టుకున్నాడని అడిగారు. ఆయన తత్వవేత్తలను తప్పుపట్టిన చోట్లు వేరు. ఈ లోకానికి మొదలు లేదనడం, అల్లాహ్‌కు విడివిడి విషయాలు తెలియవనడం, శరీరాలు తిరిగి లేవవనడం, ఆ కుఫ్ర్ అన్న మూడూ ఇవే. ఆలోచనకు మెట్లున్నాయనడం ఆ మూడింట్లో లేదు. పైగా ఆయన మార్పులు చూడండి. ఇబ్న్ సీనా దగ్గర నూనె బుద్ధికి తటాలున తట్టే స్ఫురణ. గజాలీ దగ్గర అది బుద్ధి అందుకోలేని ప్రవక్తల శక్తి. లెక్క అయిదే, శిఖరం మారిపోయింది.

గాజు గురించి ఆయన రాసిన ముక్క నాకు చాలా ఇష్టం. ఊహాశక్తి ముతక పదార్థంలోంచి పుడుతుంది, గాజు కూడా మొదట మసక పదార్థమే. కానీ శుద్ధి చేస్తే వెలుగును అడ్డుకోదు సరికదా, గాలికి దీపం ఆరిపోకుండా కాపాడుతుంది. మన ఊహలు బుద్ధికి శత్రువులని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఊహ లేకపోతే బుద్ధి గాలికి రెపరెపలాడుతుందని చెప్పిన మనిషి గజాలీ. ఆయతులో దీపం గాజులో ఉంది అన్న చిన్న వివరాన్ని వదలకుండా పట్టుకుంటేనే ఈ మాట దొరికింది. ముందే రాసిపెట్టుకున్నది తెచ్చి అతికిస్తే ఇంత బాగా అతకదని నా నమ్మకం.

ఇప్పుడు మాస్టారు గారి ప్రశ్న, బాహ్యార్థం ఉంచారా తీసేశారా అని. దీనికి గజాలీ అదే మిష్కాత్‌లో సూటిగా జవాబిచ్చాడు. మూసా ప్రవక్త (అలైహిస్సలాం) తువా లోయకు వచ్చినప్పుడు "నీ చెప్పులు విడువు" అని ఆజ్ఞ వచ్చింది, అది సూరా తాహాలో 12వ ఆయతు. మూసా ఆ మాటలో రెండు లోకాలనూ విడవమన్న సూచన కూడా విన్నారు అంటాడు గజాలీ. అందుకని చెప్పులు తొడుక్కునే నిలబడి మనసులో లోకాలు విడిచానని అనలేదు. కాళ్ల నుంచి చెప్పులూ తీశారు, మనసు నుంచి లోకాలూ తీశారు. బాహ్యాన్ని కొట్టేసినవాడు బాతినీ, అంతరాన్ని కొట్టేసినవాడు హష్వీ, రెండూ కలిపినవాడే పూర్తి మనిషి అని తీర్పు చెప్పాడు. బాతినీల మీద ఆయన విడిగా పుస్తకమే రాశాడని గుర్తుపెట్టుకోండి. తన పద్ధతి వాళ్ల పద్ధతి కాదని రుజువు చేసుకోవలసిన అవసరం ఆయనకుంది.

ఇంకో ఉదాహరణ కూడా అక్కడే ఇస్తాడు. కుక్క ఉన్న ఇంట్లోకి దైవదూతలు రారని హదీసు (ప్రవక్త మాట). ఒకడు ఇంట్లో కుక్కను పెట్టుకుని, "దీని అర్థం గుండెలోంచి కోపమనే కుక్కను తరమమని, ఇంట్లో కుక్క గురించి కాదు" అంటాడు. ఇది తప్పు. ఇంకొకడు ఇంట్లోంచి కుక్కను పంపేసి, ఆ తర్వాత ఆలోచిస్తాడు. కుక్కను వద్దన్నది దాని ఆకారం కోసం కాదు, మీదపడి కరిచే గుణం కోసం. ఒంటికి నీడనిచ్చే ఇంట్లోనే అది వద్దంటే, గుండెలో అస్సలు ఉండకూడదు కదా అని. ఇది సరైనది. ఇద్దరూ చెప్పిన అంతరార్థం ఒకటే. మొదటివాడు ఆజ్ఞను ఎగ్గొట్టడానికి వాడుకున్నాడు, రెండోవాడు ఆజ్ఞ పాటించి ఇంకా లోపలికి వెళ్లాడు. అమ్మా, తేడా కనిపెట్టేది ఎలా అని అడిగారే, నాకు తెలిసిన గీటురాయి ఇదే. ఏం దొరికిందని చూడకండి, దొరికాక ఆ మనిషి ముందున్న ఆజ్ఞను ఏం చేశాడో చూడండి.

జవాబు: అసర్_తర్వాత

అస్సలాము అలైకుమ్. భాయ్ రాసింది శ్రద్ధగా చదివాను. తబరీ దాకా నాకు అభ్యంతరం లేదు. ఉబయ్ గారి మాట మనకు వరసగా చేరింది, ఆయన ఎవరి దగ్గర విన్నారో తెలుసు. ఇబ్న్ సీనా ఎవరి దగ్గర విన్నాడు? తన సొంత అభిప్రాయంతో ఖుర్ఆన్ గురించి మాట్లాడేవాడు నరకంలో తన చోటు చూసుకోవాలని తిర్మిజీ హదీసు సంపుటంలో ఉంది. దాన్ని పక్కనపెట్టి "గాజు వివరం ఎంత బాగా అతికింది" అని మెచ్చుకోవడం నాకు మింగుడుపడటం లేదు. బాగా అతకడం సత్యానికి రుజువు కాదు, కవికి కూడా బాగా అతుకుతుంది.

ఫఖ్రుద్దీన్ రాజీ (మరణం 1210) గారి పెద్ద తఫ్సీరు సంగతి అందరికీ తెలిసిందే. ఫాతిహా ఒక్క సూరాలోంచే పదివేల మస్అలాలు (చర్చాంశాలు) తీయవచ్చని మొదట్లోనే అంటారు. ఖగోళం, తర్కం, వైద్యం అన్నీ ఉంటాయి. "అందులో తఫ్సీరు తప్ప అన్నీ ఉన్నాయి" అని పాతకాలం నుంచే ఒక మాట ప్రచారంలో ఉంది. ఆ మాటకు కారణం లేకపోలేదు.

మన చెల్లెలికి నా సలహా. పేపర్ పేపరే, అందులో ఇబ్న్ సీనా ఏమన్నాడో రాయండి. దాన్ని తఫ్సీరు అని మాత్రం అనకండి.

జవాబు: ఓఎంఆర్_ప్రయాణికుడు

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, ముస్లింను కాదు. ఆఫీసు బస్సులో సాగే చదువు నాది. తత్వవేత్త ఇబ్న్ రుష్ద్ (1126–1198) పేరు ఇంతవరకు ఎవరూ ఎత్తకపోతే రాయాలనిపించింది. ఈ తగువుకు తీర్పు చెప్పడానికే ఆయన ఒక చిన్న పుస్తకం రాశాడు, 'ఫస్లుల్ మఖాల్'. ఆయన మామూలు రచయిత కాదు, సెవిల్‌లో, కార్డోబాలో ఖాజీగా పనిచేసిన మనిషి. అందుకే కాబోలు పుస్తకం కోర్టు తీర్పులా నడుస్తుంది.

తర్కంతో తేలిన సత్యం, గ్రంథం చెప్పిన సత్యం ఒకదానికొకటి ఎదురు నిలవవు అంటాడు. పైకి విరోధం కనిపిస్తే గ్రంథంలోని మాటను అలంకారంగా చదవాలి, అదీ అరబ్బులు తమ భాషలో ఉపమానాలు వాడే పద్ధతి దాటకుండా. నన్ను ఆపేసింది దీని తర్వాతి ముక్క. ఈ లోకం శూన్యంలోంచి పుట్టిందన్నదే ఖుర్ఆన్ బాహ్యార్థం అని వాదించేవాళ్లకు ఆయన రెండు ఆయతులు చూపిస్తాడు. ఒకటి, ఆకాశాలూ భూమీ సృష్టించినప్పుడు అల్లాహ్ సింహాసనం నీటి మీద ఉందని. రెండోది, ఆకాశం పొగగా ఉన్నప్పుడు అల్లాహ్ దాని వైపు తిరిగాడని. నీరూ పొగా ముందే ఉన్నాయి కదా, మరి ఉన్నది ఉన్నట్టు చదివేది ఎవరు, మీరా నేనా అన్నట్టు నిలదీస్తాడు. అలంకారంగా చదువుతున్నది తత్వవేత్తలొక్కరే కాదు, వాళ్లను తిట్టేవాళ్లు కూడా చదువుతున్నారు, గుర్తించడం లేదంతే.

ఇంకోవైపు, ఇలాంటి వ్యాఖ్యానాలు అందరికీ చెప్పకూడదని కూడా ఆయన గట్టిగా అంటాడు. తర్కం చేతకానివాడి దగ్గర బాహ్యార్థం లాగేసుకుంటే వాడికి ఇదీ మిగలదు, అదీ అందదు. గజాలీ ఇవన్నీ జనం చదివే పుస్తకాల్లో పెట్టి తప్పుచేశాడని ఆయన ఫిర్యాదు. నాకు ఈ మాట నచ్చదు. దాచిపెట్టిన సత్యం మీద పెత్తనం ఎప్పుడూ కొద్దిమందిదే అవుతుంది. కానీ 1195లో ఆయన్నే ఊరినుంచి పంపేసి, తత్వం పుస్తకాలు తగలబెట్టారు. అంత భయం ఎందుకో ఆయనకు అనుభవమే చెప్పింది.

పెన్నాగట్టు:

అందరికీ చాలా థ్యాంక్స్. అసర్ అన్నా, మీ మాట కూడా పేపర్లో పెడతాను, దాన్ని దాటవేసి రాయలేను. కానీ నాకు ఇంకో పెద్ద చిక్కు వచ్చింది. జిల్దు చాచా ఇచ్చిన గీటురాయి పట్టుకుని సూఫీ ఇబ్న్ అరబీ (1165–1240) దగ్గరికి వెళ్లాను. 'ఫుసూసుల్ హికమ్'లో నూహ్ ప్రవక్త అధ్యాయం. సూరా నూహ్‌లో, ఆ జనం తమ పాపాల వల్ల ముంచబడ్డారు, నిప్పులోకి పంపబడ్డారు అని ఉంది. అది శిక్ష అని ఎవరికైనా తెలుస్తుంది. ఇబ్న్ అరబీ మాత్రం వాళ్లు అల్లాహ్‌ను గురించిన జ్ఞాన సముద్రాల్లో మునిగారు అంటాడు! చదివి పుస్తకం మూసేశాను. చాచా, మీ గీటురాయి మీద ఇది నిలుస్తుందా? నాకు భయమేస్తోంది గానీ జవాబు కావాలి.

జిల్దు_ట్రిప్లికేన్:

ముందు అసర్ భాయ్‌కి చెప్పి, తర్వాత నూహ్ దగ్గరికి వస్తాను.

భాయ్, మీరు చెప్పిన హదీసును గజాలీ తన 'ఇహ్యా' పుస్తకంలో ఎదురుగా పెట్టుకునే మాట్లాడాడు. ఖుర్ఆన్ పారాయణ మర్యాదల అధ్యాయం అది, ఎనిమిదో కితాబు. విన్నదే తప్ప ఎవరూ ఏమీ అనకూడదంటే, సహాబాలే ఒక్కో ఆయతుకు ఒక్కో మాట చెప్పారే, అవన్నీ ప్రవక్త (స) దగ్గర విన్నవేనా అని అడుగుతాడు. ఆ నిషేధం ఇద్దరికి వర్తిస్తుంది అంటాడు. తన కోరికకూ తన వాదానికీ తగ్గట్టు ఆయతును వంచేవాడు ఒకడు. అరబీ భాషా బాహ్యార్థమూ తెలుసుకోకుండానే లోపలికి దూకేవాడు రెండోవాడు. బాహ్యార్థం రాకుండా రహస్యం తెలిసిందనేవాడు గడప దాటకుండానే నట్టింట్లో ఉన్నానని చెప్పేవాడి లాంటివాడు అని గజాలీ మాటే. కాబట్టి మీరు కాపాడమంటున్న గడపను ఆయన కూడా కాపాడుతున్నాడు.

మీకు నేను చూపించదలచింది ఇంకొకటి ఉంది. బద్ర్ యుద్ధం నాడు ప్రవక్త (స) పిడికెడు మట్టి శత్రువుల మీదికి విసిరారు. దాని గురించి సూరా అన్ఫాల్‌లో 17వ ఆయతు ఉంది. "నీవు విసిరినప్పుడు విసిరింది నీవు కాదు, విసిరింది అల్లాహ్." గజాలీ ఆ అధ్యాయంలోనే దీన్ని తీసుకుంటాడు. పైకి కనిపించే అర్థం తేలికే, బడిపిల్లాడు కూడా చెప్తాడు. కానీ ఒకే వాక్యంలో విసిరావు అంటోంది, విసరలేదు అంటోంది. రెండూ నిజమే. ఎలా నిజం? మనిషి చేసే పనిలో మనిషి పాలెంత, అల్లాహ్ పాలెంత అని అడగకుండా ఈ ఆయతు అర్థం కాదు. ఆ ప్రశ్న గ్రీసు నుంచి ఓడలో రాలేదు భాయ్, ఆయతులోనే ఉంది. ఆ ప్రశ్న మీద పనిచేసినవాడిని ఒకచోట ముతకల్లిమ్ (మత సిద్ధాంతాలు తర్కించేవాడు) అన్నారు, ఇంకోచోట ఫిలాసఫర్ అన్నారు, మరోచోట సూఫీ అన్నారు. నా చేతుల మీదుగా వెళ్లిన పాత లితో అచ్చు కితాబులో ఈ ఆయతు మధ్యలో లావు అక్షరాల్లో ఉంది. చుట్టూ తఫ్సీరు. పక్క అంచున ఎవరో నల్ల సిరాతో, ఏటవాలుగా, అతి సన్నని అక్షరాల్లో మూడువైపులా నింపేశారు. చివరికి చోటు చాలక కింద ఫారం మడతలోకి కూడా రాశారు. కుట్టు విప్పితే గానీ ఆ వరస కనపడలేదు. ఆ రాసినాయన ఎవరో గానీ, ఈ ఒక్క వాక్యం ఆయన్ను నిద్రపోనివ్వలేదని మాత్రం తెలుస్తోంది. కటింగ్ మిషన్‌కి ఇవ్వకుండా అంచులు అలాగే ఉంచి అట్ట వేశాను.

ఇక నూహ్ సంగతి. ఇబ్న్ అరబీ తరఫున చెప్పవలసింది ముందు చెప్తాను. ఆయన అక్షరాన్ని వదిలే మనిషి కాదు. ఫిఖ్హ్ (ధర్మశాస్త్రం) విషయంలో బాహ్యార్థానికి అంటిపెట్టుకున్న మనిషి. అరబీ భాష ఒప్పుకునే ప్రతి అర్థమూ అల్లాహ్‌కు ముందే తెలుసు కాబట్టి, అది ఆ అర్థం దొరికినవాడి కోసం ఉద్దేశించిందే అని ఆయన వాదం. తన 'ఫుతూహాత్' పుస్తకంలో అంటాడు, ఖుర్ఆన్ చదివేటప్పుడు ఒకే అర్థం రెండోసారి తగిలిందంటే చదవవలసినట్టు చదవలేదని. ఈ మాట నా జీవితాన్నే మార్చింది. రోజూ ఫజర్ నమాజు తర్వాత చదివేది అవే సూరాలు, కానీ అదే చదువు కాదు.

ఆయన దగ్గర ఇంకో విచిత్రముంది. ఈజిప్టు రాజు ఫిరౌన్ మునిగిపోతూ "బనీ ఇస్రాయీల్ నమ్మిన దేవుణ్ణి నేనూ నమ్మాను" అన్నాడని సూరా యూనుస్‌లో ఉంది. ఇబ్న్ అరబీ ఆ మాటను ఉన్నది ఉన్నట్టు తీసుకుని, ఫుసూస్‌లో ఫిరౌన్ ఈమాన్‌తో పోయాడంటాడు. అందరికీ ఒళ్లు మండిన ఈ మాట బాహ్యార్థాన్ని పట్టుకోవడం వల్లే వచ్చింది. అంటే, బాహ్యార్థం పట్టుకుంటే చాలు భద్రంగా ఉంటామనుకోవడం కూడా సరికాదు.

కానీ అమ్మా, నూహ్ అధ్యాయంలో నేను ఆయన వెంట వెళ్లలేను. ఆయన అభిమానులు చెప్తారు, జనం నీళ్లలో మునిగి చచ్చారన్నది ఆయన కాదనలేదని. నిజమే. అయినా ఆ సూరాలో నూహ్ (అలైహిస్సలాం) రాత్రీ పగలూ పిలిచారు, వాళ్లు చెవుల్లో వేళ్లు పెట్టుకున్నారు, బట్టలు కప్పుకున్నారు. ఒక ప్రవక్త గుండె పగిలి చేసిన ఫిర్యాదు అది. ఆ ఫిర్యాదును మెప్పుగా మార్చాక, నూహ్ పడ్డ బాధకు చోటెక్కడ? చెప్పులు తీసి లోకాలూ విడిచినట్టు లేదిది. చెప్పులు తీయమన్న ఆజ్ఞే తొడుక్కోమన్నట్టు వినపడుతోంది. పండితుడు ఇబ్న్ తైమియా (1263–1328) ఈ పుస్తకం మీద చాలా కఠినంగా రాశారు. ఆయన అన్నవన్నీ నేను అనలేను, ఇబ్న్ అరబీ మీద నాకున్న ప్రేమ పోదు. కానీ ఈ ఒక్క చోట గీటురాయి మీద గీత పడలేదని ఒప్పుకోవాలి. పెద్దవాళ్ల మాట కూడా రాసి చూడాల్సిందే.

మీరు రోజూ చదువుకునే చోటికి నడిచేంత దూరంలోనే ఈ చర్చ జరిగిన చోటు ఉంది, తెలుసా? లక్నో ఫరంగీ మహల్‌కు చెందిన అబ్దుల్ అలీ అనే ఆలిమ్ (పండితుడు) ఆర్కాటు నవాబు వాలాజా పిలుపు మీద మద్రాసు వచ్చారు. బహ్రుల్ ఉలూమ్ అని బిరుదు. తర్కం, హిక్మత్ (తత్వం) పాఠాలు చెప్పారు, సూఫీ కవి రూమీ మస్నవీకి పారశీలో షర్హ్ (వ్యాఖ్యానం) రాశారు, ఇబ్న్ అరబీ మార్గాన్ని సమర్థించారు. 1810లో ఇక్కడే పోయారు. తత్వమూ తసవ్వుఫ్ (సూఫీ మార్గం) ఒకే మనిషిలో ఎలా కాపురం చేశాయో చూడాలంటే మీ పేపర్‌కు ఆయన పనికొస్తారు. మన ప్రాచ్య లిఖిత భాండాగారంలో తెలుగు, సంస్కృత ప్రతులే కాదు, అరబీ, పారశీ ప్రతులు కూడా ఉన్నాయి. మీ మేడమ్ చేత ఉత్తరం రాయించుకుని వెళ్లండి.

మైలాపూరు_మాస్టారు:

బైండరు గారూ, మొదటివాడు ఎగ్గొట్టడానికి వాడుకున్నాడు, రెండోవాడు పాటించి లోపలికి వెళ్లాడు అన్నారే, ఆ కుక్క ఉదాహరణ మా వాళ్లకు కూడా చెప్తాను. నాకు తేలింది.

అసర్_తర్వాత:

నూహ్ విషయంలో భాయ్ చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఇహ్యా జవాబు కూడా తీసి చదివాను, అది గట్టి జవాబే. అయినా ఒక మాట మిగిలింది. ఆలి ఇమ్రాన్ సూరాలో 7వ ఆయతు. "దాని అసలు అర్థం అల్లాహ్‌కు తప్ప ఎవరికీ తెలియదు" అని ఉంది, వెంటనే "జ్ఞానంలో పాదుకున్నవారు" అని వస్తుంది. ఎక్కడ ఆగాలన్నదే పెద్ద వాదం. ఇబ్న్ రుష్ద్ ఆగకుండా కలిపి చదివాడు, అప్పుడు ఆ జ్ఞానులకు కూడా తెలుసని అవుతుంది. ముజాహిద్ లాంటి పాత వ్యాఖ్యాతలు కొందరు అలాగే చదివారు, అది నేను కాదనను. కానీ మన దేశపు అచ్చు ఖుర్ఆన్ ప్రతుల్లో, అంటే ముస్‌హఫ్‌లలో అక్కడ చిన్న మీమ్ అక్షరం ఉంటుంది, ఇక్కడ తప్పక ఆగు అని గుర్తు. నేను చిన్నప్పటి నుంచి అక్కడ ఆగుతూనే చదివాను, ఇకముందూ ఆగుతాను. ఇబ్న్ సీనా బుద్ధి మెట్లు నిజం కావచ్చు. అది అల్లాహ్ ఉద్దేశం అని నేను సాక్ష్యం చెప్పలేను.

పెన్నాగట్టు:

అన్నా, ఆ మీమ్ ఇప్పుడే మా రూములో ఉన్న ముస్‌హఫ్‌లో చూశాను, ఉంది. పేపర్ మొత్తం ఇప్పుడు మారిపోయింది. ఇబ్న్ సీనాతో మొదలుపెట్టను. ఉబయ్ గారి మాట ముందు, తర్వాత ఇబ్న్ సీనా, తర్వాత గజాలీ గాజు. నూహ్ అధ్యాయాన్ని పరీక్షగా పెడతాను. ఆలి ఇమ్రాన్ 7వ ఆయతు దగ్గర ఆగేవాళ్లదీ ఆగనివాళ్లదీ రెండు చదువులూ పక్కపక్కనే ఇస్తాను, ఎవరివైపూ తీర్పు చెప్పకుండా. చాచా, బహ్రుల్ ఉలూమ్ గురించి ఉర్దూలోనో ఇంగ్లీషులోనో చదవదగ్గది మీ దగ్గర బైండింగ్‌కు వచ్చినవాటిలో ఏమైనా ఉంటే చెప్పండి. పారశీ నాకు ఇంకా అక్షరాల దగ్గరే ఉంది.

జిల్దు_ట్రిప్లికేన్:

ఉర్దూలో ఒకటి ఉంది, కానీ అది ఒక కస్టమర్ పుస్తకం, అడగకుండా ఇవ్వలేను. వాళ్లను అడిగి ఇక్కడే రాస్తాను. ఈలోగా పారశీ వదలకండి. మస్నవీ షర్హ్‌లో ఆయన తర్కం మాట్లాడే చోటూ, తన్మయమయ్యే చోటూ ఒకే వాక్యంలో వస్తాయి. అది అనువాదంలో అందదు.